పంపు తప్పెంత?

ఎక్కుడు మొదలయ్యేసరికి బండి పికప్ పోతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు దూకాల్సింది జర్కులు కొట్టి ఆగిపోతుంది. పది నిమిషాలు చెట్టు నీడన నిలబెట్టి తాళం తిప్పితే ఏమీ జరగనట్టే స్టార్ట్ అవుతుంది. అనంతగిరి గుట్టల వైపు బగ్గీనో ఏటీవీనో తోలుకెళ్లి, ట్రాలీ మీద వేసుకుని తిరిగొచ్చినవాళ్లు పాతబస్తీ మెకానిక్‌తో చెప్పే మాట ఇంచుమించు ఇదే. చాంద్రాయణగుట్టలో అడిగినా బహదూర్‌పురాలో అడిగినా తొందరగా వచ్చే జవాబు కూడా ఒకటే: “పంపు మోటర్ పోయిందన్నా, కొత్తది వేసేద్దాం.” వేస్తారు. కొన్నిసార్లు బండి నిజంగానే బాగవుతుంది. కొన్నిసార్లు మళ్లీ వారం అదే ఎక్కుడులో అలాగే ఆగుతుంది. అప్పటికి పాత పంపు చెత్తబుట్టలోకి పోయి ఉంటుంది, దాని తప్పెంతో తేల్చే దారి ఉండదు.

ఫ్యూయల్ పంపు చెడిపోదని ఎవరూ అనరు. చెడిపోతుంది, మట్టిదారుల్లో తిరిగే బండిలో ఇంకా ముందే చెడిపోతుంది. అయితే పంపు మీద పడే నిందలో చాలా భాగం దాని చుట్టూ ఉన్న జాలీ ఫిల్టరుకో, తుప్పు పట్టిన ఎర్తుకో, మట్టి పూడిన ట్యాంకు మూతకో చెందాలి. వాటిని పట్టుకోవాలంటే కొలవాలి. కొలవకుండా పంపు మార్చకూడదన్నదే నా వాదన. దానికి అనుకూలంగా, వ్యతిరేకంగా షెడ్లలో వినిపించే మాటలన్నిటినీ ఒకచోట పెట్టి చూద్దాం.

ముందు ఏ పంపు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. పైపులు వెల్డింగ్ చేసిన చట్రం, వెనక ఇంజిను, తలుపులూ అద్దాలూ లేని శరీరం ఉంటే దాన్ని బగ్గీ అంటున్నాం. పైకి అన్నీ ఒకేలా కనిపించినా లోపల పెట్రోలు ప్రయాణించే పద్ధతులు వేరు. ఇంజినీరింగ్ విద్యార్థులు బాహా పోటీకి కట్టేది ఒక రకం. పాత మారుతి ఇంజినుతో ఎవరో అభిమాని షెడ్డులో కట్టించుకున్నది ఇంకో రకం. కంపెనీ నుంచే తయారై వచ్చే ఏటీవీ మరో రకం. ఒకదాని మందు ఇంకోదానికి పని చేయదు.

ఇంజినుకు పెట్రోలు అందించడమనే సమస్య ఎంత పాతదో చూడాలంటే పాతబస్తీ దాటి పోనక్కర్లేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది, 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆ కాలపు సిల్వర్ ఘోస్ట్‌లలో ట్యాంకు వెనక ఉండేది, పెట్రోలును తోడే పంపు ఉండేది కాదు. డ్రైవరు ముందు చేతిపంపుతో ట్యాంకులోకి గాలి కొట్టేవాడు. ఆ గాలి ఒత్తిడికి పెట్రోలు ముందున్న కార్బొరేటర్‌కు వెళ్లేది. బండి నడవడం మొదలయ్యాక ఇంజినుతో తిరిగే చిన్న గాలిపంపు ఆ ఒత్తిడిని నిలబెట్టేది. ట్యాంకు మూత దగ్గర గాలి జారితే బండి ఆగిపోయేది. తప్పు పంపుది కాదు, మూతది. నూరేళ్ల తర్వాత ఆఫ్‌రోడ్ బగ్గీలోనూ మూత దగ్గరే మొదలయ్యే జబ్బులున్నాయి, వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

తర్వాతి తరంలో పంపు ఇంజిను పక్కకి చేరింది. ప్రీమియర్ పద్మిని, కార్బొరేటర్ కాలపు మారుతి 800 వంటి కార్లలో క్యామ్‌షాఫ్ట్ మీది ఉబ్బు ఒక మీటను కొడుతుంటే ఆ మీట రబ్బరు డయాఫ్రమ్‌ను లాగి వదిలేది. అమెరికాలో బ్రూస్ మేయర్స్ 1964లో కట్టిన మేయర్స్ మాంక్స్‌తో ఇసుకదిబ్బల బగ్గీకి పేరు వచ్చింది. అదీ వోక్స్‌వాగన్ బీటిల్ ఇంజినుతో, ఇలాంటి పంపుతోనే పరిగెత్తింది. ఈ పంపు ఇచ్చే ఒత్తిడి నాలుగు నుంచి ఆరు పీఎస్ఐ వరకే. కార్బొరేటర్‌లోని నీడిల్‌కు అంతకన్నా ఎక్కువ పనికిరాదు, ఒత్తిడి పెరిగితే పెట్రోలు పొంగి పొర్లుతుంది. మెకానికల్ పంపు పోయిన పాత కార్బొరేటర్ బండికి ఇంజెక్షన్ బండి ఎలక్ట్రిక్ మోటర్ తగిలించడం కొన్నిచోట్ల అలవాటు. రెగ్యులేటర్ లేకుండా ఆ పని చేస్తే ప్లగ్గులు తడిసి నల్లబడతాయి, అంతకన్నా ఘోరంగా వేడి ఇంజిను మీద పెట్రోలు కారుతుంది.

బాహా బండి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన విద్యార్థులు చేత్తో కట్టే బగ్గీల్లో ఎక్కువ భాగం ఆ పోటీ కోసమే పుడతాయి. అమెరికాలో 1976లో సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ పోటీ మన దేశంలో బాహా ఎస్‌ఏఈఇండియా పేరుతో 2007లో ఇండోర్ దగ్గరి పీథంపూర్‌లో మొదలైంది. ఏళ్లపాటు జట్లన్నిటికీ ఇచ్చిన ఇంజిను ఒకటే, బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వారి పది హార్స్‌పవర్ ఇంజిను. అందరి ఇంజినూ ఒకటే కాబట్టి గెలుపోటములు చట్రం, సస్పెన్షన్, గేరు మీద తేలాలి. కానీ చివరి రోజు గంటలకొద్దీ సాగే ఎండ్యూరెన్స్ పందెంలో చాలా బండ్లను రోడ్డు పక్కకి నెట్టేవి పెట్రోలు పైపు, పంపు, బెల్టు వంటి చిన్న విషయాలే.

అలాంటి ఇంజినుకు తగిలించే పంపుకు కరెంటు అక్కర్లేదు, మీటా అక్కర్లేదు. పిస్టన్ పైకీ కిందకీ కదులుతుంటే క్రాంక్‌కేస్ లోపలి గాలి ఒకసారి నెడుతుంది, ఒకసారి లాగుతుంది. ఆ ఊపును సన్నటి రబ్బరు పైపు అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన పల్స్ పంపుకు చేరుస్తుంది. అక్కడ పలుచటి పొర వణుకుతూ రెండు బుల్లి వాల్వుల మధ్య పెట్రోలును తోస్తుంది. చూడటానికి బొమ్మలా ఉంటుంది, దాని నియమాలు మాత్రం కఠినమైనవి. ఊపు తెచ్చే పైపు పొడుగైతే, మెత్తనిదైతే దారిలోనే ఊపు చచ్చిపోతుంది. పైపు మధ్యలో కిందికి జారి వేలాడితే అందులో ఇంజినాయిలు చేరి గాలి కదలికను అడ్డుకుంటుంది. అందుకే పంపును క్రాంక్‌కేస్ రంధ్రం కన్నా ఎత్తులో, పైపు పొట్టిగా ఉండేలా బిగించాలి. పొర చిరిగితే ఇంకో ప్రమాదం ఉంది. పెట్రోలు అదే పైపు గుండా వెనక్కి పోయి ఇంజినాయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిలు పల్చబడి పెట్రోలు కంపు కొడుతుంటే పంపును గట్టిగా అనుమానించాలి, కార్బొరేటర్ నీడిల్ కారినా ఇలా కావచ్చు. ఏదైనా సరే, ఆయిలు మార్చేదాకా ఇంజినును తిప్పకూడదు. పాత క్యామ్‌షాఫ్ట్ పంపుకూ ఈ పరీక్షే వర్తిస్తుంది. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు.

మూడో రకం ఇంజెక్షన్ పంపు. పెట్రోలు ఇంజినుకు ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ అమర్చిన డీ-జెట్రానిక్‌ను బాష్ కంపెనీ 1967లోనే మార్కెట్‌లోకి తెచ్చింది. మన షెడ్లలో ఆ చదువు ఇంటింటి అవసరమైంది మాత్రం 2020 ఏప్రిల్ 1 నుంచి. దేశమంతటా భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు ఆ రోజే అమలులోకి వచ్చాయి, దాదాపు అన్ని కొత్త మోటార్‌సైకిళ్లు, స్కూటర్లు కార్బొరేటర్ వదిలేశాయి. అప్పటిదాకా జెట్టు ఊది, స్క్రూ తిప్పి, చెవితో ఇంజినును సరిచేసిన ఉస్తాద్‌ల ముందుకి ట్యాంకు లోపల మునిగి మూడు బార్ ఒత్తిడి పుట్టించే మోటరు వచ్చి కూచుంది. మూడు బార్ అంటే సుమారు 43 పీఎస్ఐ, పాత పంపు ఒత్తిడికి ఏడు నుంచి పదకొండు రెట్లు. చేతిలో ఉన్న నైపుణ్యం పాతది, బండి కొత్తది. షెడ్లను తప్పుపట్టే ముందు ఈ మార్పు వాళ్ల నెత్తిన ఎంత హఠాత్తుగా పడిందో గుర్తుంచుకోవాలి.

చచ్చిన ఇంజెక్షన్ పంపును ఒకసారి కోసి చూస్తే సగం సందేహాలు తీరతాయి. అంచు మడతను ఆకురాయితో అరగదీసి తొడుగు విప్పితే బొటనవేలంత మోటరు బయటపడుతుంది. ఒక చివర పళ్లున్న పలుచటి చక్రం ఉంటుంది, పెట్రోలును అంచులతో తిప్పి ఒత్తిడి పుట్టించేది అదే. రెండో చివర కమ్యుటేటర్, దాన్ని రాసుకుంటూ రెండు కార్బన్ బ్రష్‌లు. ఆశ్చర్యం ఏమిటంటే పెట్రోలు ఈ మోటరు మధ్య నుంచే పారుతుంది, బ్రష్‌ల పక్క నుంచే పోతుంది. లోపల మండే నిష్పత్తిలో గాలి లేదు కాబట్టి నిప్పంటుకోదు. మోటరును చల్లబరిచేదీ, దాని బేరింగులకు నూనెలా పనిచేసేదీ ఆ పెట్రోలే. పెట్రోలు లేకుండా తిరిగితే వేడెక్కుతుంది, అరుగుతుంది. దుమ్ముతో చచ్చిన పంపులో చక్రం చుట్టూ గీతలు కనిపిస్తాయి. నీళ్లతో చచ్చినదానిలో కమ్యుటేటర్ మీద పచ్చటి చిలుము ఉంటుంది. ఎండిపోయి చచ్చినదానిలో బ్రష్‌లు అరిగి పొట్టివై నల్లటి పొడి రాలుతుంది. ఏ రోగంతో పోయిందో తెలిస్తే కొత్త పంపుకు అదే రోగం రాకుండా చూడొచ్చు. పాత పంపును విసిరేయకుండా విప్పి చూసే మెకానిక్ దొరికితే అతన్ని వదులుకోకండి.

మట్టిదారి ఈ మూడు చావులనూ దగ్గర చేస్తుంది. ఎక్కుడులో పెట్రోలు ట్యాంకు వెనక్కి పోతుంది, దిగుడులో ముందుకు ఉరుకుతుంది, మలుపులో పక్కకి కొడుతుంది. ట్యాంకు పావు వంతే ఉంటే పంపు నోరు క్షణాల తరబడి గాలి పీలుస్తుంది. రోడ్డు మీద రిజర్వులో తిరిగే అలవాటు చెడ్డది, గుట్ట మీద ప్రాణాంతకం. ట్యాంకులో అడ్డు పలకలు, పంపు చుట్టూ చిన్న తొట్టి, లేదంటే విడిగా ఒక సర్జ్ ట్యాంకు ఉంటే ఈ సమస్య పోతుంది. చేత్తో కట్టిన బగ్గీల్లో వీటికి డబ్బు ఖర్చు పెట్టకుండా హెడ్‌లైట్లకు పెట్టేవాళ్లే ఎక్కువ. ఎక్కుడులోనే ఆగి చదునులో మామూలుగా నడిచే బండికి పంపు మార్చే ముందు ట్యాంకు నిండా పెట్రోలు పోసి అదే గుట్ట మళ్లీ ఎక్కించి చూడాలి. ఎక్కితే పంపు నిర్దోషి.

నీళ్ల విషయంలో పాతబస్తీ అనుభవం చేదుది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోత, నాలుగు రోజులకు గుర్రం చెరువు కట్ట తెగడం కలిసి హఫీజ్ బాబా నగర్ వంటి బస్తీలను ముంచేశాయి. ఇళ్లతో పాటు బండ్లూ మునిగాయి. మునిగిన బండి ట్యాంకులోకి మూత సందుల్లోంచీ గాలి గొట్టంలోంచీ నీళ్లు దిగుతాయి. నీరు పెట్రోలు కన్నా బరువు, అడుక్కి చేరుతుంది. పంపు జాలీ ఉండేదీ అడుగునే. వాగులు దాటే బగ్గీకి, పందెం అయ్యాక ప్రెషర్ వాటర్‌తో కడిగే బగ్గీకి ఇది ఏడాది పొడుగునా ఉండే ముప్పు. అనుమానం వస్తే తాళం తిప్పకముందే ట్యాంకు అడుగు పెట్రోలును గాజుసీసాలోకి తీసి పావుగంట కదపకుండా ఉంచండి. నీరుంటే అడుగున విడిగా గీత కనిపిస్తుంది.

ఇక్కడ ఇథనాల్ వాదన వస్తుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో ఎంపిక చేసిన బంకుల్లో అమ్మకానికి వచ్చింది, 2025 నాటికి దేశమంతటా మామూలైంది. పంపులన్నీ దీనివల్లే పోతున్నాయని ఒక పక్షం, దీనికీ పంపుకూ సంబంధమే లేదని ఇంకో పక్షం. రెండూ అతి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొద్దిపాటి నీటిని పెట్రోలులో కలిపి ఉంచుతుంది, హద్దు దాటితే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున పేరుకుంటాయి. అప్పుడు పంపు పీల్చేది పెట్రోలు కాదు, లోహాన్ని తినే ద్రవం. పాత బండ్లలోని కొన్ని రకాల రబ్బరు దీనికి ఉబ్బి మెత్తబడుతుంది. రోజూ తిరుగుతూ వారానికోసారి ట్యాంకు ఖాళీ అయ్యే బండికి, ఈ20కి తగ్గ రబ్బరుతో వచ్చిన కొత్త బండికి ఇది పెద్ద బెడద కాదు. నెలకోసారి బయటికి తీసే బగ్గీకి మాత్రం బెడదే. పోటీకీ పోటీకీ మధ్య నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు ఉంచేసే కాలేజీ షెడ్లు పంపులను చేతులారా చంపుకుంటున్నాయి. బండి పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టండి.

వేడి గురించి ఒక్క మాట. మే నెలలో హైదరాబాద్ 40 డిగ్రీలు దాటుతుంది. పెట్రోలులోని తేలికపాటి భాగాలు అంతకన్నా తక్కువ వేడికే ఆవిరి కాసాగుతాయి. సైలెన్సరుకు ఆనుకుని పైపు వెళ్లే బగ్గీలో దారిలోనే బుడగలు కడతాయి, కార్బొరేటర్ బండిలో ఇది మరీ ఎక్కువ. చల్లారాక స్టార్ట్ అయ్యే బండి అంటే పంపు పోయిన బండే అన్న నమ్మకం ఈ కారణంగానే తప్పు. పైపును వేడికి దూరంగా జరిపి, పైన తొడుగు వేస్తే పోయే జబ్బుకు పంపు బలి కాకూడదు.

ఇక పరీక్షల సంగతి. తాళం తిప్పగానే ఇంజెక్షన్ బండిలో రెండు మూడు సెకన్లు ‘జుయ్’మని సన్నటి శబ్దం వస్తుంది, పంపు ఒత్తిడి నింపుకునే చప్పుడది. అనుభవమున్న చెవి ఆ శబ్దంలో తేడా పట్టగలదు. అరుపులా పెరిగితే జాలీ మూసుకుపోయి ఉండవచ్చు, నీరసంగా మూలిగితే కరెంటు సరిగా అందకపోయి ఉండవచ్చు. చెవిని నేను తక్కువ చేయను. కానీ శబ్దం వస్తోంది కాబట్టి పంపు బాగుందనీ, రావడం లేదు కాబట్టి పోయిందనీ తీర్పు చెప్పడానికి చెవి చాలదు.

శబ్దమే రాకపోతే ముందు చూడాల్సింది ఫ్యూజు, రిలే. తర్వాత బండి ఒకవేళ బోల్తా పడిందేమో అడగాలి. చాలా ఏటీవీల్లో, మోటార్‌సైకిళ్లలో పక్కకి పడిపోతే ఇంజిను ఆపే సెన్సరు ఉంటుంది. బండిని నిలబెట్టి తాళం ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ తిప్పేదాకా ఇంజినును స్టార్ట్ కానివ్వదు. ఆ సెన్సరు మట్టి కొట్టుకుని వదులైతే బండి నిటారుగా ఉన్నా పడిందనే అనుకుంటుంది. తాళం తిప్పినప్పుడు పంపు మూడు సెకన్లు తిరిగి, సెల్ఫ్ కొట్టినప్పుడు తిరగకపోతే అనుమానం క్రాంక్ సెన్సరు మీదికి మళ్లాలి. ఇంజిను తిరుగుతున్న సంకేతం అందకపోతే కంట్రోల్ యూనిట్ పంపును ఆపేస్తుంది. ఈ రెండు సెన్సర్ల బదులు పంపులు మార్చిన బండ్లు షెడ్లలో మామూలే.

బండి నడుస్తూ నడుస్తూ ఆగుతుంటే ముందు ట్యాంకు మూత తెరవండి. ‘ఉస్స్’మని గాలి లోపలికి పోతే సమస్య దొరికినట్టే. మూత బిగించిన నూనె డబ్బాకు ఒక్క చిల్లే పెడితే నూనె ఆగి ఆగి కారడం ప్రతి ఇంట్లో చూసిందే, ట్యాంకుదీ ఆ లెక్కే. పెట్రోలు బయటికి పోయినంత మేర గాలి లోపలికి రావాలి. కొత్త బండ్లలో ఆ గాలి దారి బొగ్గు డబ్బా గుండా వెళ్తుంది, బగ్గీల్లో బోల్తా పడ్డా పెట్రోలు కారకుండా ఆపే వాల్వు ద్వారా. రెండిటికీ మట్టి శత్రువే.

ఇవన్నీ దాటాక కొలతలు. మొదటిది ఓల్టేజి. పంపు ప్లగ్గు దగ్గర, పంపు తిరుగుతుండగా మల్టీమీటర్ పెట్టాలి. ప్లగ్గు ఊడదీసి ఖాళీ వైరు మీద చూస్తే పన్నెండున్నర చూపించి మోసం చేస్తుంది. తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గరి అంకెకూ పంపు దగ్గరి అంకెకూ ఓల్టు పైన తేడా ఉంటే వైరింగులో లోపముంది. బగ్గీలో ఎర్తు తీగను పెయింటు వేసిన చట్రానికే బోల్టుతో బిగించేస్తారు. పెయింటు గీకి శుభ్రం చేసి మళ్లీ బిగిస్తే ‘పోయిన’ పంపు లేచి కూచున్న సందర్భాలు ఎన్నో. క్లాంప్ మీటర్ ఉంటే కరెంటూ చూడొచ్చు. మామూలు కన్నా ఎక్కువ లాగుతుంటే ఫిల్టరు మూసుకుపోయింది, లేదా మోటరు బిగుసుకుంది. మరీ తక్కువ లాగుతూ నీరసంగా తిరుగుతుంటే వైరులోనో బ్రష్‌లోనో అడ్డుంది.

రెండోది ఒత్తిడి, అసలు తగవంతా దీని మీదే. మన షెడ్లలో పంపును పరీక్షించే వాడుక పద్ధతి సీసా పరీక్ష. అవుట్‌లెట్ పైపును నీళ్ల సీసాలో పెట్టి తాళం తిప్పుతారు, ధార బాగా వస్తే పంపు బాగున్నట్టు. ధార చూపించేది పరిమాణాన్ని, ఒత్తిడిని కాదు. చక్రం అరిగిన పంపు ఎదురు అడ్డు లేనప్పుడు సీసా నింపేస్తుంది, అదే పంపు ఇంజెక్టరు ముందు మూడు బార్ నిలబెట్టలేక చతికిలబడుతుంది. దానికి విరుద్ధంగా, జాలీ సగం మూసుకున్న పంపు నిలకడగా ఉన్నప్పుడు మూడు బార్ చక్కగా చూపించి, పూర్తి యాక్సిలరేటర్‌కు ఒకటిన్నరకు పడిపోతుంది. కాబట్టి గేజి కావాలి, గేజి చూస్తూ ఇంజిను మీద భారం పెంచాలి. ఆపేశాక ముల్లు కాసేపు నిలవాలి. వెంటనే సున్నాకు జారితే పంపులోని చెక్ వాల్వు గానీ, రెగ్యులేటర్ గానీ, ఇంజెక్టరు గానీ కారుతోంది. వేడి మీద సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి రావడానికి కారణం తరచూ అదే. గేజి సెట్టు అపురూపమైన వస్తువేమీ కాదు, పుత్లీబౌలి, రాణిగంజ్ దుకాణాల్లో అడిగితే దొరుకుతుంది. తప్పుగా మార్చిన ఒకటి రెండు పంపుల డబ్బు మిగిల్తే దాని ఖర్చు తీరిపోతుంది.

సీసా పరీక్షకు ఇంకో అభ్యంతరం నిప్పు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీద పాకుతుంది. గాలిలో ఒకటిన్నర శాతం ఉంటే చాలు అంటుకోవడానికి. ఇరుకు గల్లీలో పక్క షెడ్డులో వెల్డింగు, ఎదుట చాయ్ దుకాణం పొయ్యి, మధ్యలో మూత లేని ప్లాస్టిక్ సీసాలో ధారగా పడే పెట్రోలు. ఈ దృశ్యం మామూలైపోయిందని ప్రమాదం తగ్గదు.

కొలిచాక పంపు తప్పు తేలితే మార్చాల్సిందే, ఆలస్యం వద్దు. ముందు పంపు ఫ్యూజు తీసి ఇంజిను దానంతట అదే ఆగేదాకా నడిపితే పైపులో ఒత్తిడి దిగుతుంది. తర్వాత బ్యాటరీ నెగెటివ్ విప్పాలి. ఆఫ్‌రోడ్ బండికి ప్రత్యేకంగా చెప్పాల్సింది శుభ్రత. పంపు మూత చుట్టూ పేరుకున్న మట్టిని బ్రష్‌తో, గాలితో పూర్తిగా తీయకుండా మూత విప్పితే ఆ మట్టంతా ట్యాంకులోకే, కొత్త పంపు నోట్లోకే పోతుంది. ట్యాంకు అడుగు తుడవకుండా కొత్త పంపు దించడమూ అంతే తప్పు. జాలీ ఏ దిక్కుకు తిరిగి ఉందో ఫొటో తీసుకుని పెట్టుకోండి. ఓ-రింగు ప్రతిసారీ కొత్తదే వేయాలి. పెట్రోలుకు ఉబ్బిన పాత రింగు గాడిలో కూర్చోదు, బలవంతంగా కూర్చోబెడితే బోల్తా పడిన రోజున కారుతుంది.

మొత్తం అసెంబ్లీ మార్చాలా, మోటరు ఒక్కటే మార్చాలా అన్నది డబ్బుతో ముడిపడ్డ ప్రశ్న. కంపెనీలు తరచుగా రెగ్యులేటర్, లెవెల్ సెన్సరుతో కలిపి పూర్తి అసెంబ్లీనే అమ్ముతాయి. మోటరు విడిగా దానికన్నా ఎంతో చవక. ఒత్తిడి, సైజు సరిపోయే పేరున్న తయారీ మోటరైతే, దానితో పాటు జాలీ, ఓ-రింగు, లోపలి పైపు ముక్క కొత్తవైతే మోటరు ఒక్కటి మార్చడంలో తప్పు లేదని నా అభిప్రాయం. ఆ పైపు ముక్క దగ్గరే చాలామంది పొదుపు చేస్తారు. బయట వాడే మామూలు పెట్రోలు పైపు ట్యాంకులో మునిగి ఉంటే పై పొర ఉబ్బి, పగిలి, ఒత్తిడంతా లోపలే కారిపోతుంది. మునిగే చోటుకు ఎస్‌ఏఈ జే30 ఆర్10 అని ముద్ర ఉన్నదే వాడాలి, ఇంజెక్షన్ బండి బయటి పైపుకు కనీసం ఆర్9. పురానాపూల్ దగ్గర గురువారం జరిగే జుమ్మేరాత్ బజారులో పాత సామాను ఎన్నో పనులకు పనికొస్తుంది. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం చూస్తే పాత ఇనుములోంచి ఎంత కల్పన పుట్టగలదో తెలుస్తుంది. చట్రానికి పాత పైపు, సీటుకు పాత స్ప్రింగు సరే. పెట్రోలు పంపు మాత్రం పాతది కొనకూడదు. ఎన్నాళ్లు ఎండిందో, ఎన్ని నీళ్లు తాగిందో పైకి కనిపించదు.

బిగించాక తాళాన్ని మూడు నాలుగుసార్లు వేసి తీస్తే పైపులు నిండుతాయి. తడి ఎక్కడా లేదని టార్చితో చూశాకే సెల్ఫ్ కొట్టాలి. చివరిగా ఒత్తిడి మళ్లీ కొలిచి ఆ అంకెను బండి మీదో నోట్‌బుక్‌లోనో రాసిపెట్టాలి. రేపు అనుమానం వచ్చినప్పుడు పోల్చుకోవడానికి ఆ అంకెకు మించిన సాక్ష్యం లేదు.

ఆ అంకె ఎంత ఉండాలో మెకానిక్‌కు ఎలా తెలుస్తుంది? సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, ఆ మాన్యువల్ కంపెనీ షోరూముల్లో ఉంటుంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, మోటారు వాహనాలను కూడా అందులో చేర్చింది, ఆ ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. దాని ఫలం గల్లీ షెడ్డు దాకా రావాలంటే పంపు ఒత్తిడి, కరెంటు వంటి పది అంకెలను ప్రతి కంపెనీ తెలుగులో, ఉర్దూలో అందరికీ అందుబాటులో పెట్టాలి. చందూలాల్ బారాదరిలో కులీ కుతుబ్ షా ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, మల్లేపల్లిలో ప్రభుత్వ ఐటీఐ ఉంది. సాయంత్రం పూట రెండు గంటల చొప్పున, గేజి పట్టడం, మల్టీమీటర్‌తో నడుస్తున్న పంపును కొలవడం షెడ్లలో పనిచేసే కుర్రాళ్లకు నేర్పించమని ఆ సంస్థలను, సాంకేతిక విద్యాశాఖను కోరుతున్నాను. బండి యజమానులకు చెప్పేది ఒక్కటే. పంపు పోయిందన్న మాట వినగానే డబ్బు తీయకండి. ఒత్తిడి ఎంత వచ్చింది, తిరుగుతున్నప్పుడు ఓల్టేజి ఎంత ఉంది అని అడగండి. రెండు అంకెలూ చెప్పిన మెకానిక్‌కు అడిగినంత కూలి ఇవ్వండి.